మా వీధి టైఫాయిడ్

ఆ వేసవిలో మా వీధిలో ఎవరికీ కరోనా రాలేదు. అందరికీ టైఫాయిడే వచ్చింది. కావాలంటే ఇప్పుడొచ్చి ఎవరినైనా అడగండి, అదే చెప్తారు. ఫలానా ఆయన ఎలా పోయాడంటే టైఫాయిడ్ ముదిరిందంటారు. ఫలానా ఆవిడ ఎలా పోయిందంటే నిద్రలో గుండె ఆగిందంటారు. నేను కాదంటే నా వంక అదోలా చూసి, ఈవిడకి నోరెక్కువ అనుకుంటారు. ఎక్కువే. ఆ నోరే లేకపోతే మా అక్క ఈపాటికి గోడ మీద ఫోటోలో ఉండేది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ ఒకే వంటింట్లో బతుకుతున్నాం. కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు. కొట్టు బావగారూ మా ఆయనా కలిసి చూసుకుంటారు. మాది పెనుగొండకీ కొవ్వూరుకీ మధ్య కాలువ గట్టున ఉన్న చిన్న బజారు ఊరు. చుట్టుపక్కల పల్లెల వాళ్లకి ఉప్పు పప్పుల దగ్గర్నుంచి శుభలేఖల దాకా అన్నీ ఇక్కడే.

ఆ జబ్బుకి టైఫాయిడ్ అనే పేరు ఎలా అతుక్కుందో చెప్పాలంటే ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి. మా డెల్టాలో జబ్బులకి కూడా పంచాంగం ఉంటుంది. వానలు పడి గుంటల్లో నీళ్లు నిలిస్తే మలేరియా, డెంగీ. పంట నూర్పిళ్ల ధూళి లేచే రోజుల్లో దగ్గులు, ఆయాసాలు. వేసవిలో రెండో పంట దాళ్వా కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలకి నీళ్లు ఆపేస్తారు. కాలువ కట్టేశారు అంటాం మేము. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరి మంచినీళ్ల చెరువులో నింపుకున్న నీళ్లే దిక్కు. రోజులు గడిచేకొద్దీ ఆ నీళ్లు అడుక్కి దిగి, పచ్చబడి, కుళాయిలో పాచివాసనతో వస్తాయి. వాంతులు, విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ వచ్చేది ఆ నెలలోనే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కాబట్టి ఎవరూ భయపడరు. బ్రెడ్డు తింటారు, జావ తాగుతారు, లేచి తిరుగుతారు.

కరోనా రెండోసారి విరుచుకుపడింది సరిగ్గా కాలువ కట్టేసిన నెలలో. దాక్కోవడానికి దానికి మా పాత జబ్బు ఒకటి సిద్ధంగా దొరికింది.

ఎందుకు దాచాలి అని అడుగుతారేమో. మొదటి ఏడాది మా వెనక వీధిలో బట్టల కొట్టాయనకి వచ్చింది. అంబులెన్సు వచ్చింది. ముసుగు బట్టలేసుకున్న మనుషులు దిగారు. వీధికి అటూ ఇటూ కర్రలు కట్టి, ముగ్గు వేసినట్టు బ్లీచింగ్ చల్లారు. డాబాల మీద నిలబడి ఊరంతా చూసింది. నేనూ చూశాను. ఆయన నిక్షేపంలా తిరిగొచ్చాడు. కానీ దసరా పండక్కి కూడా ఆ కొట్టు మెట్లెక్కినవాడు లేడు. జాకెట్టు ముక్క కావాల్సిన వాళ్లు కూడా చుట్టు తిరిగి తణుకు వెళ్లి కొనుక్కున్నారు. చివరికి ఆయన కొట్టు ఎత్తేసి ఎక్కడికో వెళ్లిపోయాడు. మా బావగారు రోజూ ఆ మూసేసిన షట్టరు ముందు నుంచే గుడికి వెళ్తారు. ఆ షట్టరే ఆయన గుండెల్లో కూర్చుంది.

అందుకే అక్కకి జ్వరం రాగానే ఆయన పిలిచింది ఆర్‌ఎంపీ డాక్టర్ని. ఆయన మంచివాడే, ఏ పూట పిలిచినా వస్తాడు. చెయ్యి పట్టుకు చూసి, "కాలువ కట్టేశారు కదండీ, నీళ్ల తేడా. ఎందుకైనా మంచిది, టైఫాయిడ్ పరీక్ష చేయిద్దాం" అన్నాడు. బజారు సెంటర్లో ల్యాబు వాళ్లు రక్తం తీసుకున్నారు. సాయంత్రానికి బావగారు మెట్లెక్కుతూనే కేకేశారు.

"టైఫాయిడేనమ్మా! టైఫాయిడే!"

మగపిల్లాడు పుట్టాడన్నంత సంబరం! మా అత్తగారు దేవుడి గదిలోకెళ్లి దణ్ణం పెట్టుకున్నారు. మా ఆయన ముఖం కూడా వికసించింది. ఇంట్లోకి ఒక జబ్బొచ్చిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకోవడం నేను అప్పుడే చూశాను. అబద్ధమెందుకు, ఆ పూటకి నాకూ హాయిగానే అనిపించింది. కిటికీ ఊచకి సెలైన్ సీసా వేలాడదీశారు. నూనె కారం బంద్. బియ్యం జావ, ఇడ్లీ, పాలూ బ్రెడ్డూ.

మర్నాటికి నాకు తేడా తెలిసిపోయింది. మా అక్క మాటకారి. మొదలెట్టిందంటే పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా ఆపదు. అలాంటి మనిషి మాట మధ్యలో ఆగడం మొదలెట్టింది. "పప్పు డబ్బా..." అని ఆగి, "కింద అరలో..." అని మళ్లీ ఆగి, "పెట్టావేంటే" అంటోంది. నవ్వుతోంది కూడా. బాత్‌రూమ్ నుంచి మంచం దాకా వచ్చేసరికి గోడ పట్టుకు నిలబడిపోయింది. టైఫాయిడ్ నాకు వచ్చింది, మా ఆయనకి వచ్చింది, మా ఇంట్లో రానివాళ్లు లేరు. కాళ్లు పీకుతాయి, కడుపు తిప్పుతుంది, నీరసం కమ్మేస్తుంది. మాట సగంలో ఆగదు. అక్క ప్రాణం ఇప్పుడు ఒక పేరు మీద వేలాడుతోందని నాకు అర్థమైంది. టైఫాయిడ్ అన్నంతసేపూ ఆవిణ్ణి ఎవరూ పెద్దాసుపత్రికి కదల్చరు. ఆ రెండో పేరు మా ఇంట్లో పలకాలంటే బావగారి ముందే పలకాలి.

ఈలోగా పలకరింపులు మొదలయ్యాయి.

మా వైపు మంచాన పడ్డ మనిషిని చూడ్డానికి వెళ్లకపోతే అదొక తప్పు. ఎప్పటికీ మర్చిపోరు. ఫలానావాళ్లు మా నాన్న పడ్డప్పుడు రాలేదు అని మనవళ్ల పెళ్లిళ్లలో కూడా ఎత్తిపొడుస్తారు. మొదటి ఏడాదంతా కరోనా భయంతోనే రాకపోకలు తెగిపోయాయి. ఇప్పుడు టైఫాయిడ్ అని తెలిసేసరికి, ఇన్నాళ్లూ బిగబట్టుకున్న వీధంతా ఒక్కసారి తెగబడింది. బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు, కొబ్బరి బొండాలు. వచ్చినవాళ్లు వచ్చినట్టే మంచం అంచున కూర్చుంటున్నారు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "ఏంటమ్మా, ఇలా చిక్కిపోయావేంటి" అని బుగ్గలు పుణుకుతున్నారు.

నేను బావగారి దగ్గరికెళ్లి చెప్పాను. "ఎవర్నీ రానివ్వొద్దండి. ముందు తలుపేద్దాం."

ఆయన కొట్లోంచి పైకొచ్చి, గొంతు తగ్గించి అన్నారు. "తలుపేస్తే ఏమవుద్దో తెల్సా అమ్మాయ్? టైఫాయిడ్ వచ్చిన ఇంటికి ఎవరైనా తలుపేసుకుంటారా? ఆ తలుపు చూసే ఊరు మొత్తం చెప్పేసుకుంటారు."

అదీ మా తెలివి! టైఫాయిడ్ అంటే నమ్మాలి కాబట్టి తలుపు బార్లా తీసి ఉంచాలి. వచ్చినవాళ్లని కాదనకూడదు, కాఫీలు కూడా ఇవ్వాలి. మా ఇల్లే కాదు, తర్వాత తెలిసింది, వీధి పొడుగునా జ్వరం వచ్చిన ఇళ్లన్నీ అలాగే తలుపులు తీసి పెట్టుకున్నాయి. ఎవరి పరువు కోసం వాళ్లు. ఎండకి మాడిపోతున్న ఆ మధ్యాహ్నాల్లో వీధి చూస్తే పండగలా ఉండేది. ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మంలోకి పళ్ల సంచులు పట్టుకుని మనుషులు.

ఎదురింటి పిన్నిగారు వచ్చిన రోజు నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ పెద్దావిడ, భర్త పోయి చాలా ఏళ్లయింది, కొడుకూ కోడలి దగ్గరే ఉంటుంది. స్టీలు గిన్నెలో సగ్గుబియ్యం జావ కాచి, పైట చెంగు కప్పుకుని తెచ్చింది.

"నిద్రపోతోందండి పిన్నిగారూ. నేనిస్తాను లెండి, మీరు రేపు రండి" అన్నాను.

"నిద్రపోతే లేపుతానేంటే, కాసేపు కూర్చుని పోతాను" అంది ఆవిడ.

నేను కదల్లేదు. అప్పుడు లోపల్నుంచి అక్క గొంతు వినపడింది. "రండి పిన్నిగారూ... మేలుకునే... ఉన్నాను."

ఇంకేం చేస్తాను, పక్కకి జరిగాను. ఆవిడ మంచం మీద అక్క పక్కనే కూర్చుంది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. పాపం అక్కకి మాటల ఆకలి. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అంటే పిన్నిగారు మాట్లాడింది, అక్క ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పింది. జావ తాగించి, మూతి తుడిచి, నుదుట విభూతి పెట్టి వెళ్లింది పెద్దావిడ.

మర్నాడు పొద్దున అక్కకి తల దువ్వుతున్నాను. వెలుతురు ముఖం మీద పడింది. పెదాలు నేరేడు పళ్లు తిన్నట్టున్నాయి. గోళ్లు చూశాను. అవీ అంతే. దువ్వెన కింద పెట్టి, కొట్టు వెనక గదిలో ఉన్న బావగారి దగ్గరికి వెళ్లాను.

"బావగారూ, అక్కకి టైఫాయిడ్ కాదు. కరోనా."

"అమ్మాయ్! మెల్లిగా! కొట్లో మనుషులున్నారు."

"మెల్లిగా ఏంటండీ మెల్లిగా! అక్కడ మనిషి నీలం తిరిగిపోతోంది. మీరు కారు తీయిస్తారా, నన్ను వీధిలో నిలబడి పిలవమంటారా? అంబులెన్సునే పిలుస్తాను. ఎందుకొచ్చిందో పేరుతో సహా చెప్పి మరీ ఎక్కిస్తాను."

ఈ ఇంటి కోడలిగా ఆయన ముందు నేను గొంతెత్తడం అదే మొదలు. ఆయన కోప్పడలేదు. చేతిలోని తూకం రాయి కాటా పళ్లెంలో పెట్టి లేచారు. నాకు జాలేసింది. ఆయన భార్యని ప్రేమించని మనిషి కాదు. జావ చల్లార్చి చెంచాతో తాగించేదీ, తడిగుడ్డ వేసేదీ ఆయనే. భయం ఆయన్ని అలా చేసింది. మా ఆయన కారు తాళాలు తీసుకున్నారు.

అక్కని మెట్లు దింపుతుంటే పక్కింటాయన అడిగాడు, "ఎక్కడికండీ?" అని. "స్కానింగ్‌కండీ. కడుపులో నొప్పంటేనూ" అన్నారు బావగారు. అప్పుడు కూడా!

రాజమండ్రి బయల్దేరాం, దారంతా అక్క తల నా ఒళ్లో ఉంది. కారు అద్దాలన్నీ దింపేశాం. దారి పొడుగునా కాలువ ఎండిపోయి ఉంది, అడుగున పగుళ్లిచ్చిన బురద, దాన్లో ప్లాస్టిక్ కవర్లు, చచ్చిన చేపలు. ఎదురుగా అంబులెన్సు వస్తోందంటే దారి ఇవ్వడానికి పక్కకి ఆగడం, అది పోగానే వెనకాల ఇంకోటి. కొవ్వూరు దాటి బ్రిడ్జి మీదికి ఎక్కాక కింద గోదావరిలో నీళ్ల కంటే ఇసకే ఎక్కువ కనపడింది. అవతలి గట్టున ఎక్కడెక్కడో పొగలు లేస్తున్నాయి. అవి ఏం పొగలని ఎవరమూ అనుకోలేదు పైకి. అక్క కళ్లు తెరిచి, "వచ్చేశామా" అంది. ఆ ఒక్క మాటే ఆగకుండా అంది.

రాజమండ్రిలో ఆసుపత్రి గేటు దగ్గర మంచాలు లేక ఆటోల్లో, మోటారు సైకిళ్ల మీద, చెట్టు కింద మనుషులు. గేటు దగ్గర కుర్చీలో ఉన్న మనిషి తలెత్తకుండానే అడిగాడు.

"ఏంటి పేషెంటుకి?"

"టైఫాయిడ్ అండి" అన్నారు బావగారు.

అలవాటైపోయింది ఆయన నోటికి! ఆ మనిషి చెయ్యూపేశాడు. "టైఫాయిడ్ అయితే ఇక్కడికెందుకు తెచ్చారండీ? ఇది కరోనా వార్డు. వెళ్లండి, వెళ్లండి, వెనకాల వాళ్లకి దారివ్వండి."

మా ఆయన కారు వెనక్కి తిప్పబోయారు. నేను తలుపు తీసుకుని దిగిపోయాను. "కరోనానేనయ్యా! టైఫాయిడ్ కాదు, కరోనా! మా అక్కకి వచ్చింది కరోనా!" అని ఆ గేటు ఊడిపడేలా అరిచాను. గొంతు పగిలిపోయింది. ఏడుపు కూడా వచ్చేసింది. ఆ హడావుడికి లోపల్నుంచి ఒక డాక్టరు బయటికొచ్చాడు. చిన్నవాడే. కళ్లు తప్ప ముఖం కనపడటం లేదు, ఆ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అక్క వేలికి ఒక మిషను తగిలించి చూసి, స్ట్రెచర్ తెమ్మని కేకేశాడు.

"టైఫాయిడ్ అని ఎవరు చెప్పారమ్మా మీకు?"

"ల్యాబులో పరీక్ష చేశారండి."

"ఆ కాలువ నీళ్లు తాగి పెరిగిన వాళ్లలో చాలామంది రక్తంలో ఆ పరీక్షకి టైఫాయిడ్ కనపడుద్దమ్మా. ఎప్పుడో వచ్చిపోయినదైనా కనపడుద్ది. నాకు చేసినా కనపడొచ్చు." ఆయన స్ట్రెచర్ వెంట నడుస్తూనే మాట్లాడుతున్నాడు. "ఎటు నుంచి వచ్చారో పేషెంటు చెప్పే జబ్బుని బట్టి తెలిసిపోతోంది నాకు. కాలువ కింద ఊళ్ల వాళ్లందరూ టైఫాయిడ్ అని వస్తున్నారు. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లు మలేరియా అంటున్నారు. మెట్ట ఊళ్ల వాళ్లు వడదెబ్బ అంటున్నారు. అందరూ ఇలాగే, చివర్లో వస్తున్నారు."

అక్కకి అప్పటికప్పుడు మంచం దొరకలేదు. నడవలో ఒక కుర్చీలో కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. మంచం ఖాళీ అయ్యాక ఇచ్చారు. ఎలా ఖాళీ అయిందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. బావగారు కారు వెనక సీట్లో కూర్చుని, తలుపేసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను వెళ్లి ఊరుకోమని చెప్పలేదు. అప్పటికి నాకు ఆయన మీద అంత కోపంగా ఉంది.

మా ఆయన కొట్టు చూసుకోవాలని ఊరెళ్లారు. నేనూ బావగారూ ఆసుపత్రి దగ్గర్లో తెలిసినవాళ్ల గదిలో ఉండిపోయాం. రోజూ ఫోన్లో ఊరి సంగతులు తెలిసేవి. వినేకొద్దీ భయమేసేది. జబ్బు ఇష్టమొచ్చినట్టు తిరగడం లేదు. మా గుమ్మం ముందు ఎవరు చెప్పులు విడిచారో వాళ్ల ఇళ్లకే వెళ్తోంది. బత్తాయిలు తెచ్చిన మేష్టారి ఇంటికి వెళ్లింది. బొండాలు పంపిన మనిషి ఇంటి జోలికి పోలేదు, ఆయన స్వయంగా రాలేదు కాబట్టి. ఒకరోజు మా ఆయన అన్నారు, "ఎదురింటి పిన్నిగారికి కూడా టైఫాయిడంట" అని.

"ఏం టైఫాయిడండీ ఇంకా! ఆవిణ్ణి తీసుకొచ్చేయమని చెప్పండి వాళ్లబ్బాయికి. ఇక్కడ నేను గేటు దగ్గర నిలబడతాను" అన్నాను.

ఆయన వెళ్లి చెప్పారట. కొడుకు మర్యాదగానే అన్నాడట, "పెద్దావిడ కదండీ, అంత దూరం తిప్పలేం. టైఫాయిడే కదా, ఇంట్లోనే సెలైన్ ఎక్కిస్తున్నాం" అని. ఆవిడ ఎక్కువ రోజులు పడుకోలేదు. పోయాక గుండెపోటు అన్నారు. ఊళ్లో ఎవరూ ఇదేంటని అడగలేదు. అడిగితే తమ ఇంట్లో పోయినవాళ్ల గురించి తామూ చెప్పాల్సి వస్తుంది కదా. మేష్టారు కూడా పోయారు. ఆయనది టైఫాయిడ్ ముదరడం. పెనుగొండలో గుడి మూసేశారు, మైకులో పాటలు లేవు, శ్మశానం వైపు పోయే దారి మాత్రం ఖాళీగా లేదని మా ఆయన చెప్పారు.

అక్క బతికింది. సగం మనిషై, జుట్టు ఊడిపోయి, ఇంటికొచ్చింది. కాలువకి నీళ్లొదిలేశారు అప్పటికి. బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెడితే, ఎదురింటి గుమ్మం వంక చూసి అడిగింది.

"పిన్నిగారు రాలేదేంటే నన్ను చూడ్డానికి?"

బావగారు నాకు కళ్లతో సైగ చేశారు, చెప్పొద్దని. కానీ నేను చెప్పేశాను. ఇప్పుడు కాకపోతే రేపు వీధిలో ఎవరో చెప్తారు, టైఫాయిడ్ అని చెప్తారు, గుండెపోటు అని చెప్తారు. అబద్ధం వినడం కంటే నా నోటి నుంచి నిజం వినడం నయమనిపించింది. అక్క ఆ గుమ్మం వంకే చూస్తూ, "నువ్వు వద్దంటే... నేనే కదే పిలిచాను" అంది. ఆ తర్వాత ఆవిడ బాల్కనీలో కూర్చోవడం మానేసింది.

అప్పట్నుంచీ మా అక్క ఎవరి ఇంటికీ పలకరింపుకి వెళ్లదు. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే, నాకు నడవడానికి ఆయాసమండి అంటుంది. ఆయాసమూ నిజమే, కానీ అది కారణం కాదు. వీధిలో వాళ్లు పొగరు అని పేరు పెట్టేశారు. ఆవిడకి ఆ పేరే కావాలేమో. ఒకసారి వంటింట్లో బీరకాయలు చెక్కుతూ ఉన్నట్టుండి అంది, "ఒక్కరైనా అడగరేంటే నన్ను? నీ వల్లే పోయారని ఒక్కరైనా అనరేంటి?" అని. ఎలా అంటారు? టైఫాయిడ్ పలకరిస్తే అంటుకునేది కాదు. అంటుకోని జబ్బుకి ఇక తప్పెవరిది? తప్పు లేనిచోట క్షమాపణ అడగడానికి గుమ్మం ఏది? నాకు అప్పుడే తెలిసింది, ఆసుపత్రి గేటు దగ్గర నేను అరిచి చెప్పిన ఆ పేరు ఇంకా మా వీధిలోకి రాలేదని, అది రానంతకాలం అక్కకి తెరిపి లేదని.

ఏళ్లు గడుస్తున్నాయి. చావులు మాత్రం మునుపటిలా లేవు మా ఊళ్లో. నిన్న కాటా దగ్గర నిలబడి బెల్లం తూచిన మనిషి ఇవాళ లేడు. నడివయసు వాళ్లు కుర్చీలోంచి లేస్తూ లేస్తూ కూలిపోతున్నారు. ఎప్పుడూ లేని షుగరు ఇంటింటికీ వచ్చింది. ఒక్కొక్కదానికీ ఒక పేరు దొరుకుతోంది. గ్యాస్, నీరసం, ఎండ, టెన్షన్. దేనివల్ల ఏది వచ్చిందో చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. అడిగేవాళ్లు లేకపోవడం మాత్రం చూస్తున్నాను. ఇంకో కొత్త జబ్బు వచ్చినా మాకు పాత పేర్లు బోలెడు ఉన్నాయి, వాటి వెనక ఎంతమందినైనా దాచేస్తాం.

ఈ వేసవిలో కాలువ కట్టేసిన వారంలో అక్క పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, నా దగ్గరికొచ్చింది. "ఎదురింటికి వెళ్దాం పద" అంది. ఎందుకని అడగలేదు నేను. ఆవిడ ముఖం చూస్తే తెలుస్తోంది. రోడ్డు దాటడానికి కూడా నా భుజం పట్టుకుంది.

పిన్నిగారి కొడుకు గౌరవంగా లేచి నిలబడ్డాడు. "రండి అక్కగారూ, రండి. ఎన్నాళ్లకి వచ్చారండీ మా ఇంటికి" అని కుర్చీలు జరిపాడు. లోపలి గదిలోంచి దగ్గు వినపడింది. "మా ఆవిడండి. కాలువ కట్టేశారు కదా, కాస్త నీళ్ల తేడా చేసింది" అన్నాడు. నేను అక్క వంక చూశాను. అక్క ఆ గది తలుపు వంక చూస్తోంది. తలుపు తీసే ఉంది.

అతనే కాఫీ కలిపి తెచ్చాడు. అక్క గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

"తమ్ముడూ, నీకు ఒక మాట చెప్దామని వచ్చాను. మీ అమ్మగారికి వచ్చింది టైఫాయిడ్ కాదు. నాకు వచ్చిందీ కాదు. నా దగ్గర్నుంచే వచ్చింది ఆవిడకి. మా చెల్లి గుమ్మంలో ఆపేసింది. నేనే పిలిచాను లోపలికి."

అతను తల వంచుకున్నాడు. "ఇప్పుడవన్నీ ఎందుకండీ. అమ్మకి గుండెపోటండి."

"కాదు తమ్ముడూ. నీకూ తెలుసు."

తిడతాడని, లేచి వెళ్లమంటాడని నేను అనుకుంటున్నాను. అక్క దానికి సిద్ధపడే కూర్చుంది, తల ఎత్తి, అతని వంకే చూస్తూ.

"తెలుసండి" అన్నాడు చివరికి. "కానీ మీకు ఇంకోటి తెలీదు. అంతకుముందు ఏడాదంతా మేము అమ్మని గది దాటనివ్వలేదండి. పెద్దావిడ, ఏమవుద్దోనని భయం. కంచం గడప దగ్గర పెట్టి వెనక్కి వచ్చేసేవాళ్లం. పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత బయటికి పంపినా, ఎవరింటికెళ్తే వాళ్లు కిటికీలోంచే మాట్లాడి పంపేసేవారంట. మీ ఇంటి నుంచి వచ్చిన రోజు ఎంత హుషారుగా ఉందనుకున్నారు! నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుందిరా, నా చెయ్యి వదల్లేదురా అని, పడుకునేదాకా అదే చెప్పింది. జ్వరం వచ్చాక కూడా అదే చెప్పింది. మీరు చేసిన మేలు మేము మర్చిపోలేదండి అక్కగారూ. మా ఆవిడా నేనూ ఎప్పుడూ అనుకుంటూనే ఉంటాం."

రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

అక్క కాఫీ తాగేసింది. గ్లాసు కింద పెట్టి, "వస్తాం తమ్ముడూ" అంది. ఇద్దరం బయటికొచ్చాం. రోడ్డు మధ్యలో, ఎండలో, ఆగిపోయింది. ఆయాసమేమోనని నడుం పట్టుకున్నాను. ఆయాసం కాదు, వెనక్కి తిరిగి ఆ గుమ్మం వంకే చూస్తోంది.

"తిడితే ఏడ్చేసి ఇంటికొచ్చేద్దామనుకున్నానే" అంది. "మేలంటాడేంటే! మేలు! ఇప్పుడు దీన్ని నేనెక్కడ పెట్టుకోనే?"